ఉప్పుగాలి ఊళ్లో బండికి రంగు: ఇంటి దగ్గరే, ఓపికగా

నా బండికి మొదటిసారి నేనే రంగు వేసుకున్నది దసరాకి రెండు రోజుల ముందు. ఆయుధపూజ నాటికి మెరవాలని తొందర. సైడ్ ప్యానెళ్లు విప్పి, తడిగుడ్డతో తుడిచి, వరండాలో పాత దుప్పటి పరిచి, నల్ల స్ప్రే డబ్బా ఒకటి ఖాళీ చేశాను. సాయంత్రానికి రంగు మీద పాలు ఒలికి ఆరినట్టు తెల్లటి మసక వచ్చింది. వరండా లైటుకి వచ్చిన దీపం పురుగులు నాలుగు అందులోనే అతుక్కుపోయాయి. సంక్రాంతికి పెచ్చులు లేచాయి. మా మెకానిక్ చూసి, "ఏటి బావా, బండికి ముగ్గుపిండి పూసినావేటి?" అన్నాడు.

మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. కళింగపట్నం బీచ్ నుంచి వచ్చే గాలి మా వీధి దాటే శ్రీకాకుళం వైపు వెళ్తుంది. ఇక్కడ బండి తుప్పు పట్టడానికి వాన కూడా అక్కర్లేదు, రాత్రిపూట ఆరుబయట నిలబెడితే చాలు. ఆ దసరా తర్వాత ఇంకో నాలుగైదుసార్లు వేశాను, కొన్ని బాగా వచ్చాయి. యూట్యూబులో చూపించే పద్ధతులు తప్పని అనను. కాకపోతే అవి పొడిగాలి ఊళ్లలో తీసినవి. మన దగ్గర రంగును పాడుచేసేవి ముఖ్యంగా రెండు: కింద మిగిలిపోయిన ఉప్పు, పైన ఉన్న తేమ. ఈ రెండింటినీ దృష్టిలో పెట్టుకునే కిందిదంతా రాస్తున్నాను.

ఏవి మనం చేసుకోవచ్చు, ఏవి వద్దు

సైడ్ ప్యానెళ్లు, వెనక టెయిల్ ప్యానెల్, మడ్‌గార్డులు, చైన్ కవర్, మెయిన్ స్టాండ్, సైడ్ స్టాండ్, లెగ్ గార్డ్, బ్రేక్ పెడల్, సైలెన్సర్ ఇంట్లో చేసుకోదగ్గవి. ఇవన్నీ విప్పడానికి స్పానర్లు, ఒక స్క్రూడ్రైవర్ చాలు. విప్పేముందు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బిగించేటప్పుడు ఏ వాషర్ ఎక్కడిదో గుర్తుండదు.

పెట్రోల్ ట్యాంకు మీద చిన్న గీతలు, పెచ్చులు మనం పూడ్చుకోవచ్చు. ట్యాంకు మొత్తానికి రంగు వేయాలంటే మాత్రం కంప్రెషర్ ఉన్న పెయింటర్‌కి ఇచ్చేయడమే నయం. మామూలు స్ప్రే డబ్బాలో దొరికే క్లియర్ (రంగు పైన మెరుపు కోసం కొట్టే పారదర్శకమైన పూత) మీద పెట్రోల్ చుక్క పడితే మెత్తబడి లేచిపోతుంది. బంకులో ఎంత జాగ్రత్తగా కొట్టించినా ఏదో ఒక రోజు ఒలుకుతుంది. ట్యాంకు మీద నిలిచేది హార్డెనర్ (గట్టిపరిచే రసాయనం) కలిపే టూకే క్లియర్ మాత్రమే. దాంట్లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, ఊపిరితిత్తులకు చాలా చేటు. కరోనా రోజుల్లో మిగిలిన మాస్కు దాన్ని ఆపదు. ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ లేనివాళ్లు దాని జోలికి పోవద్దు.

బ్రేక్ డిస్క్, బ్రేక్ డ్రమ్ము లోపలి భాగం, ముందు ఫోర్క్ మెరిసే రాడ్లు, చైన్, రబ్బరు సామాన్ల మీద రంగు పడకూడదు. చాసిస్ నంబరు చెక్కిన చోట రుద్దవద్దు, మందంగా రంగు వేయవద్దు. నంబరు ప్లేటు ఎలా ఉందో అలాగే వదిలేయండి. హెల్మెట్‌కి కూడా అదే రంగు కొట్టాలని కుర్రాళ్లకి సరదా ఉంటుంది. డబ్బాలోని ద్రావకం హెల్మెట్ ప్లాస్టిక్‌ను లోలోపల బలహీనం చేస్తుంది, పైకి తెలియదు. అందుకే వద్దు.

ఇంకొకటి, బండి రంగు ఆర్సీలో రాసి ఉంటుంది. ఉన్న రంగునే మళ్లీ వేసుకుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. నల్లబండిని ఎర్రబండి చేయాలంటే ఆర్టీవో ఆఫీసులో మార్పు రాయించుకోవాలి.

ఎప్పుడు వేయాలి

అందరికీ దసరాకే బండి మెరవాలి. రంగుకి అంతకంటే చెడ్డ కాలం లేదు. నైరుతి వానలు పూర్తిగా పోకముందే తుపానుల సీజను మొదలవుతుంది. 2018లో తిత్లీ తుపాను మన జిల్లా మీద విరుచుకుపడింది సరిగ్గా నవరాత్రుల్లోనే, అక్టోబరు 11న. తుపాను లేని ఏడాది కూడా ఆ నెలలో గాలి నిండా తేమే.

తేమకీ ఆ తెల్ల మసకకీ సంబంధం ఏమిటంటే, స్ప్రే చేసిన రంగులోని థిన్నర్ వేగంగా ఆవిరవుతూ కింది ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. కుండలో నీళ్లు చల్లబడినట్టే. ఆ చల్లటి పొర మీద గాలిలోని తేమ నీరై కూర్చుంటుంది. అది రంగులో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. నల్లరంగులో మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

కాబట్టి సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి హోలీ లోపు ముగించుకోవడం నాకు కుదిరిన పద్ధతి. రథసప్తమికి అరసవిల్లి వెళ్లేనాటికి బండి తయారవుతుంది. అప్పుడైనా పొద్దున మంచు ఉంటుంది, తొమ్మిదిన్నర దాకా ఆగాలి. మధ్యాహ్నం దాటితే సముద్రం మీంచి గాలి లేస్తుంది, ఇసుకనీ ఉప్పునీ మోసుకొస్తుంది. అంటే పది నుంచి పన్నెండున్నర వరకు మనకి దొరికే సమయం. ఏప్రిల్, మే ఎండల్లో రేకు కాలిపోతూ ఉంటే రంగు గాల్లోనే ఎండిపోయి గరుకు కాగితంలా పడుతుంది. తప్పనిసరైతే నీడలో వేయండి.

తేమ కొలిచే మీటర్ మన ఇళ్లలో ఉండదు. వేయించిన అప్పడం ఒకటి గట్టు మీద పెట్టండి. పది నిమిషాల్లో మెత్తబడితే ఆ రోజు డబ్బా ముట్టుకోవద్దు.

సామాన్లు

హార్డ్‌వేర్ షాపులో: 80, 120, 220 ఎమ్రీ పేపర్లు, 400, 600, 800, 1000, 2000 వాటర్ పేపర్లు (నంబరు పెరిగేకొద్దీ పేపర్ నునుపు), వైర్ బ్రష్, మాస్కింగ్ టేపు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా, గ్లౌజులు. రంగుల షాపులో: మీ భాగానికి తగ్గ ప్రైమర్ (రంగు పట్టడానికి కింద వేసే పూత), రంగు, క్లియర్. 400 మిల్లీలీటర్ల డబ్బా ఒక్కటే రెండు సైడ్ ప్యానెళ్లకీ హాయిగా సరిపోతుంది, టెయిల్ ప్యానెల్ కూడా కలిస్తే రెండు తీసుకోండి. వేస్తూ ఉండగా మధ్యలో అయిపోవడం కంటే టెన్షన్ ఇంకొకటి లేదు.

ప్రైమర్ కొనేముందు భాగం దేనితో చేసిందో తెలియాలి. ఫ్రిజ్ మీద ఉండే అయస్కాంతం తెచ్చి పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము. దానికి రెడ్ ఆక్సైడ్ లేదా ఎపాక్సీ ప్రైమర్. అంటుకోకుండా చల్లగా, లోహంలా ఉంటే అల్యూమినియం. దానికి ఎచ్ ప్రైమర్, మామూలుది వేస్తే పొరలా ఊడివస్తుంది. మిగిలింది ప్లాస్టిక్. దానికి ప్లాస్టిక్ ప్రైమర్ అని అడిగి తీసుకోవాలి. నా దసరా పెచ్చుల్లో సగం పాపం ఈ ప్రైమర్ లేకపోవడమే.

మొదటి రోజు: కడగడం

ఇది అన్నిటికంటే విసుగు పని. ఎక్కువ చెబుతున్నానంటే కారణం ఉంది.

చైన్ దగ్గరి జిడ్డుకి ముందు కొంచెం డీజిల్‌తో తుడవండి. డీజిల్ కూడా నూనే కాబట్టి ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండుసార్లు రుద్ది కడగాలి. సీటుకీ ప్లాస్టిక్‌కీ మెరుపు కోసం పూసే పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది మిగిలితే రంగు వేసిన క్షణంలోనే గుండ్రటి గుంటలు పడతాయి, పెయింటర్లు ఫిష్ ఐ అంటారు. ఎన్ని పొరలు వేసినా పూడవు. సబ్బు తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఒకవైపుగా, గుడ్డ మారుస్తూ తుడవండి. ప్లాస్టిక్ మీద థిన్నర్, అసిటోన్ వాడవద్దు, ప్లాస్టిక్ కరిగి జిగురవుతుంది.

ఇప్పుడు ఉప్పు సంగతి. స్టాండు, లెగ్ గార్డ్ లాంటి ఇనుప భాగాలకి తుప్పు గుంటలు పడి ఉంటాయి. వైర్ బ్రష్‌తోనూ 80 పేపర్‌తోనూ రుద్దితే పైతుప్పు పోయి ఇనుము తెల్లగా కనిపిస్తుంది. చాలామంది అక్కడితో ప్రైమర్ కొట్టేస్తారు. గుంటల అడుగున ఉప్పు ఉండిపోతుంది. ఉప్పు తేమను లాక్కుంటుంది, వంటింట్లో ఉప్పు డబ్బా చూస్తే తెలిసిందే. రంగు పొర గుండా కూడా కొద్దికొద్దిగా తేమ దిగి, కింద పొక్కులు లేస్తాయి. రుద్దాక మళ్లీ నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో గుంటలు కడిగి, వెంటనే తుడిచి ఎండలో పెట్టండి. అరగంటలో నారింజ రంగు మళ్లీ పూసిందంటే లోపల ఉప్పో తడో మిగిలినట్టే. ఇంకోసారి రుద్ది కడగాలి.

ఏ నీళ్లతో కడుగుతున్నారన్నది కూడా చూసుకోవాలి. మా వీధి బోరు నీళ్లు నోట పెట్టుకోలేనంత ఉప్పన. ఆ నీళ్లతో ఉప్పు కడగడం నాకు రెండేళ్ల తర్వాత గానీ వెలగని తెలివితక్కువ పని. చివరి కడుగుడుకి మాత్రం తాగే నీళ్ల క్యాన్ వాడండి. రెండు చెంబులు చాలు.

పేపర్ పట్టడం, పుట్టీ

పాత రంగు గట్టిగానే ఉంటే మొత్తం గీకేయనక్కర్లేదు. 600 వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా రుద్దితే చాలు, కొత్త రంగుకి పట్టు దొరుకుతుంది. పెచ్చు లేచిన చోట మాత్రం అంచును 220, తర్వాత 400తో వాలుగా అరగదీయాలి. కళ్లు మూసుకుని వేలితో తడమండి. మెట్టు తగిలితే రంగు వేశాక అది ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

వాటర్ పేపర్‌ను పావుగంట నీళ్లలో నానబెట్టి, రెండు చుక్కల షాంపూ వేసుకుంటే ధూళి పేపర్‌కి పట్టదు. చేత్తో నేరుగా రుద్దితే వేళ్ల ఒత్తిడికి చారలు పడతాయి. అరిగిన హవాయి చెప్పును అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దగా కోసి, దానికి పేపర్ చుట్టి రుద్దండి. కొన్న రబ్బరు దిమ్మ కంటే నాకు ఇదే బాగుంది, వంపుల్లో వంగుతుంది. ఇనుము బయటపడిన చోట తడి పేపర్ వద్దు, పొడిదే వాడండి.

చిన్న గీతలకి ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) పుట్టీని ప్రైమర్ తర్వాత, పల్చగా, ఏటీఎం కార్డు ముక్కతో లాగండి. మందంగా పెడితే పైన ఎండి లోపల మెత్తగా ఉండి, వారం తర్వాత కుంగిపోతుంది. సొట్ట లోతుగా ఉంటే హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీ వాడాలి. కలిపిన కొద్ది నిమిషాల్లోనే గట్టిపడిపోతుంది కనుక ఉసిరికాయంత మాత్రమే కలపండి.

ప్రైమర్

భాగాన్ని జీఐ తీగతో బట్టలారేసే దండేనికి వేలాడదీయండి. అరగంట ముందు కింద నేల మీద కళ్లాపి చల్లినట్టు కొద్దిగా నీళ్లు చిలకరిస్తే ధూళి లేవదు. డబ్బా లోపలి గోలీ మోగడం మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి.

పల్చటి పొరలు రెండు, మధ్యలో పది నిమిషాల ఎడం. ప్లాస్టిక్ ప్రైమర్ అయితే మరీ పల్చగా, ఒకటిన్నర పొర. ప్రైమర్ పూర్తిగా ఆరాక, నేను మర్నాటిదాకా ఆగుతాను, దాని మీద దూరం నుంచి నల్లరంగు చుక్కల్లా చల్లండి. ఆరాక 600తో రుద్దితే ఎత్తైన చోట నలుపు పోతుంది, పల్లంలో మిగిలిపోతుంది. మిగిలిన నలుపే ఇంకా పని ఉన్న చోటు. ప్లాస్టిక్ ప్రైమర్ పల్చన కాబట్టి దాని మీద ఈ పరీక్ష చేయవద్దు. రుద్దితే ఆ పొరే పోతుంది.

రంగు

నలుపు, తెలుపు అనుకుంటాం గానీ నలుపుల్లోనే నాలుగు రకాలు. శ్రీకాకుళంలో కలర్ మిక్సింగ్ చేసే షాపుకి వెళ్లేటప్పుడు ఫోన్ ఫొటో కాదు, సైడ్ ప్యానెలే పట్టుకెళ్లండి. ఎండకి వెలిసిన రంగుకి సరిపోవాలో, సీటు కింద వెలిసిపోని అసలు రంగుకి సరిపోవాలో ముందే తేల్చుకోండి. ఒక్క ముక్కే వేస్తుంటే వెలిసినదానికే కలపమనాలి, లేకపోతే పక్క ప్యానెల్ పాతదని అరిచి చెబుతుంది. షాపులో ట్యూబులైటు కింద కాదు, బయట ఎండలో పోల్చి చూడండి.

మెటాలిక్ రంగైతే ఒక చిన్న అట్టముక్క మీద వేసి, పైన క్లియర్ కూడా కొట్టి ఆరాక చూడండి. క్లియర్ పడకముందు మెటాలిక్ రంగు మందకొడిగా ఉంటుంది, కంగారు పడొద్దు. దగ్గరగా, తడిగా కొడితే లోపలి మెరుపు రేణువులు మునిగిపోయి రంగు ముదురుగా వస్తుంది. దూరంగా, పొడిగా కొడితే లేతగా వస్తుంది. అంటే ఒకే డబ్బాతో రెండు రంగులు తెప్పించవచ్చు, మనకు ఇష్టం లేకపోయినా.

దూరం ఒక జానెడు, లేదా ఇంకో రెండు వేళ్లు ఎక్కువ. మీట నొక్కడం ముక్క బయట మొదలై, ముక్క దాటాక ఆగాలి. మధ్యలో నొక్కితే అక్కడే రంగు గుప్పుమని కారుతుంది. చెయ్యి మణికట్టు దగ్గర తిప్పకుండా, భుజం నుంచి గోడకి సున్నం వేసినట్టు తిన్నగా జరపండి. ప్రతి వరస కింది వరసని సగం కప్పాలి. మొదటి పొర కింద ప్రైమర్ కనబడుతూనే ఉండాలి. కనబడుతోందని ఇంకొంచెం కొట్టాలనిపిస్తుంది. ఆ క్షణంలో చెయ్యి ఆపుకోగలిగితే మీరు పెయింటరే. పది నిమిషాలకొకటి చొప్పున మూడు పొరల్లో ప్రైమర్ పూర్తిగా కప్పుకుపోతుంది.

కారితే తుడవకండి. ఎండనిచ్చి మర్నాడు 800తో దించి మళ్లీ వేయండి. బత్తాయి తొక్కలా గరుకుగా వస్తే దూరం ఎక్కువైంది లేదా ఎండ ఎక్కువైంది. ముడతలు పడితే పాత రంగుకీ కొత్త రంగుకీ పొసగలేదు, లేదా రెండు పొరల మధ్య వేళ తప్పింది. కొన్ని డబ్బాల మీద గంట లోపు వేయండి, లేదంటే 24 గంటలు ఆగండి అని రాసి ఉంటుంది. చిన్న అక్షరాలే గానీ చదవాలి.

డబ్బాలోంచి తోసే గ్యాసు మండే గ్యాసు. వంటింటి కిటికీ దగ్గర, దేవుడి గది ముందు దీపం వెలుగుతుండగా, దోమల చక్రం పెట్టుకుని ఈ పని చేయకూడదు. సిగరెట్ సంగతి చెప్పనక్కర్లేదు.

క్లియర్

స్టిక్కర్లు అతికించాలంటే రంగు ఆరాక, క్లియర్‌కి ముందు. నీళ్ల తుంపర చల్లి అతికిస్తే గాలి బుడగలు బయటికి నెట్టడం తేలిక. ఆ తడి పూర్తిగా ఆరాకే క్లియర్ కొట్టాలి. రెండు పల్చటి పొరలు, ఒక తడి పొర. వారం తర్వాత 2000 పేపర్‌తో తేలిగ్గా రుద్ది, రబ్బింగ్ కాంపౌండ్ (మెరుపు తెచ్చే పేస్టు) మెత్తటి బనియన్ గుడ్డతో పడితే అద్దంలా వస్తుంది. అంచుల మీద రుద్దకండి, అక్కడ పొర పల్చన. మాట్ (మెరుపు లేని) రంగైతే ఈ రుద్దుడేమీ వద్దు.

ట్యాంకు మీద గీత

తాళాల గుత్తి, జిప్ చేసే గీతలివి. గీత కింద ఇనుము కనబడితే సూదిమొనతో తుప్పు గీకి, ఆల్కహాల్‌తో తుడవండి. అగ్గిపుల్ల చివర నలగ్గొట్టి కుంచెలా చేసి, ప్రైమర్ ఒక చుక్క. ఆరాక రంగు. ఒకేసారి నింపకుండా గంటకో పల్చటి పూత చొప్పున, చుట్టూ ఉన్న రంగు కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా. వారం ఆగి, పెన్సిల్ వెనక రబ్బరుకి 2000 పేపర్ ముక్క చుట్టి, ఆ ఎత్తుని మాత్రమే దించి కాంపౌండ్ పట్టండి. ట్యాంకు మూత దగ్గరి గీతలకి ఈ పూత ఎక్కువకాలం ఆగదు. పెట్రోల్ ఒలికిన వెంటనే నీళ్లు పోసి తుడిచే అలవాటుంటే కొంత మేలు.

సైలెన్సర్

మామూలు నలుపు ఇక్కడ మొదటి ప్రయాణానికే పొగై పోతుంది. 600 డిగ్రీలు తట్టుకునే హీట్ ప్రూఫ్ రంగు కావాలి. దీని కింద పుట్టీ వద్దు, మామూలు ప్రైమర్ వద్దు. తుప్పు పోగొట్టి, 220తో గరుకు చేసి, కడిగి, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు పల్చటి పొరలు వేయండి. ఈ రంగు ఆరడంతో గట్టిపడదు, వేడితో గట్టిపడుతుంది. మర్నాడు బిగించి బండిని ఆరుబయట పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపండి. చల్లారాక మళ్లీ ఇంకొంచెం సేపు. రెండు మూడుసార్లు ఇలా చేశాక నరసన్నపేట దాకా తిప్పి రండి. మొదట పొగ, వాసన వస్తాయి, అది రంగు కాలుతున్న వాసనే, ఇంజన్ది కాదు. వానలో మాత్రం ఈ తొలి ప్రయాణం వద్దు.

బిగించాక

ముక్కల్ని కనీసం 24 గంటలు ముట్టుకోకండి. వేలితో గుచ్చి చూడాలనిపిస్తే లోపలి వైపు చూసుకోండి. వారం దాకా షాంపూ వాష్ వద్దు, నెల దాకా వ్యాక్స్ వద్దు. బోల్టు కింద ప్లాస్టిక్ వాషర్ పెడితే బిగించేటప్పుడు కొత్త రంగు చిట్లదు.

ఎంత జాగ్రత్తపడినా మెయిన్ స్టాండ్ బోల్టుల దగ్గర స్పానర్ జారి రంగు లేస్తుంది. డబ్బాలో మిగిలిన రంగుని దాని మూతలోకే కొట్టి, చిన్న కుంచెతో అక్కడ అద్దేయండి. ఆ తర్వాత డబ్బాను తలకిందులు చేసి, ఉత్త గ్యాసు వచ్చేదాకా రెండు క్షణాలు నొక్కితే నాజిల్ మూసుకుపోదు. కళింగపట్నం వెళ్లొచ్చిన ప్రతిసారీ ఆ రాత్రే ఒక బకెట్ మంచినీళ్లు స్టాండు మీద, మడ్‌గార్డు లోపల పోయండి. మర్నాటికి వాయిదా వేస్తే మళ్లీ 80 పేపర్ కొనుక్కోవాలి.